పద్నాలుగు మంది దాటిన రోడ్డు

కాగితం బల్ల మీదే ఉంది. నిన్న సాయంత్రం నిదానం తెచ్చి పెట్టిన చోటనే, ఉప్పు సీసా కింద, ఫ్యాను గాలికి ఒక మూల లేస్తూ పడుతూ ఉంది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తెల్లారి టీలు తాగినప్పుడు కప్పులు కూడా దానికి దూరంగానే పెట్టుకున్నారు.

"నీ సంతకమేనా కాదా? అంతవరకు చెప్పు, చాలు," అన్నాడు నిదానం.

ఆయన బస్సు డ్రైవరు. పాతికేళ్ల సర్వీసులో ఒక కుక్కపిల్లకి కూడా టైరు తగలనివ్వని మనిషి కాబట్టి డిపోలో అంతా నిదానం అనే పిలుస్తారు. ఇంట్లోనూ ఆ పేరే ఖాయమైపోయింది. డ్యూటీకి వెళ్లక ఇరవై రెండు రోజులైంది. ఖాకీ చొక్కా మాత్రం రోజూ పొద్దున్నే వేసుకుని, గుండీలు పెట్టుకోకుండా అలాగే కూర్చుంటున్నాడు.

"నాదే బావా," అంది చిన్ని.

ముప్పై నాలుగేళ్లు నిండాయి, రోడ్ల ప్రణాళికల ఆఫీసులో కింద ఇద్దరు మనుషులున్నారు, అయినా ఇంట్లో ఆమె చిన్నే. అక్క పెట్టిన పేరది. ఆ అక్క మిల్లు రోడ్డు దాటుతూ లారీ కింద పడి పోయి ఇరవై రెండు రోజులు.

"మీదేనన్నమాట. అయితే మేడంగారూ, ఇందులో పద్నాలుగు అని ఉంది చూడండి, అదేంటో కాస్త చదివి వినిపించండి. నాకంత చదువు లేదు."

మరదలు పిల్లా అని తప్ప ఏనాడూ పిలవని బావ నిన్నటి నుంచి మేడంగారూ అంటున్నాడు. అన్నప్పుడల్లా చిన్నికి చెంప ఛెళ్లుమన్నట్టే ఉంది.

"రెండేళ్ల కిందటి లెక్క. అక్కడ నడిచేవాళ్లకి లైటు పెట్టాలా వద్దా అని చూడడానికి, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎంతమంది రోడ్డు దాటారో లెక్కపెట్టాం."

"ఎంతమంది దాటారు?"

"పద్నాలుగు."

"నా బస్సు ఒక్కటి ఆగితే అక్కడ ఇరవై మంది దిగుతారు. అందులో సగం మందికి అవతలి పక్కనే పని. రోజుకి అరవై బస్సులు ఆగుతాయి. వాళ్లంతా ఏమయ్యారు? ఎగిరిపోయారా?"

చిన్ని టీ కప్పు అటూ ఇటూ తిప్పింది. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. ఎలా చెప్పినా అది సాకులాగే వినిపిస్తుందని ఆమెకు తెలుసు.

"గీతల మీద దాటినవాళ్లనే లెక్కపెట్టాలి బావా. ఫారంలో అలాగే ఉంది. తెల్ల గీతలు గీసిన చోట దాటితేనే దాటినట్టు. పక్కన దాటినవాళ్లని వేసుకోకూడదు."

"గీతలెక్కడున్నాయి?"

ఆ రోడ్డు మీద రోజుకి నాలుగు ట్రిప్పులు కొట్టిన మనిషి అడుగుతున్నాడు. గీతలు బస్టాపుకి ఎనభై అడుగుల అవతల ఉన్నాయి. అక్కడ అవతలి పక్క మిల్లు ప్రహరీ గోడ, గోడ కింద మూత లేని మురుగు కాలువ. ఆ గీతల మీద దాటినవాడు కాలువలోనైనా దిగాలి, గోడైనా ఎక్కాలి. అందుకే లోకమంతా బస్టాపు ఎదురుగా, రోడ్డు మధ్య డివైడరు దిమ్మె విరిగిపోయిన సందులోంచి దాటుతుంది. అక్క టైలరింగ్ షాపు సరిగ్గా ఆ సందుకి ఎదురుగానే ఉంది.

"నీకు కనపడలేదా ఆ జనం?"

"కనపడ్డారు."

"కనపడ్డారట అత్తయ్యా! విన్నారా? కనపడ్డారట!"

గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ కదల్లేదు. పెద్ద కూతురు పోయిన దగ్గర్నుంచి ఆమె ఆ గోడకే అతుక్కుపోయింది. గోడతోనే మాట్లాడినట్టు మెల్లగా అంది.

"దాన్ని తిట్టి ఏం లాభం బాబూ? ముందు ఆ లైటేదో పెట్టించండి. పిల్ల రోజూ కాలేజీకి ఆ రోడ్డే దాటుతోంది. అది ఇంటికొచ్చేదాకా నాకు ఊపిరాడట్లేదు."

పాప, అంటే పోయినావిడ కూతురు, వంటింటి గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటోంది. పదహారేళ్ల పిల్ల. నిన్నటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకునే అడిగింది.

"నువ్వు లెక్కపెట్టిన రోజు అమ్మ ఎన్నిసార్లు దాటింది పిన్నీ?"

చిన్ని టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

ఆ రోజు ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. గీతల పక్కన స్టూలు వేసుకుని, నొక్కితే అంకె మారే చిన్న మీటరు చేతిలో పట్టుకుని కూర్చుంది. లెక్కపెట్టాల్సిన కుర్రవాడికి జ్వరం వస్తే, అక్క షాపు దగ్గరే కదా అని తనే ముచ్చటపడి వెళ్లింది. అక్కకి ఆ రోజంతా పండగే. చెల్లెలు ఆఫీసరై తన వీధిలో కూర్చుందని వచ్చేపోయేవాళ్లందరికీ చూపించింది. అవతలి కొట్లో టీ బాగుంటుందని రోడ్డు దాటి వెళ్లి తెచ్చింది. ఎండెక్కాక గొడుగు కోసం దాటింది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, తినేదాకా పక్కనే నిలబడింది. "నన్నెన్నిసార్లు నొక్కావే?" అని అడిగింది. "గీతల మీద నడువు, నొక్కుతా," అంది తను. "పోవే, ఆ మురుగుకాలవలో నేను పడితే బ్లౌజులు నువ్వు కుడతావా?" అని అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. తనూ నవ్వింది.

"ఆరుసార్లు," అంది చిన్ని.

"ఒక్కటీ వేసుకోలేదా?"

"లేదమ్మా."

పాప జడకి బ్యాండు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"సరే, రూలు. రూలే అనుకుందాం," అన్నాడు నిదానం. సీసా పక్కకి జరిపి, నిన్నటి తర్వాత మొదటిసారి కాగితాన్ని వేలితో తాకాడు. "ఇక్కడ అడుగున ఒక గడి ఉంది. 'ఇతర వివరాలు' అని. పక్కన వెయ్యి మంది దాటుతున్నారని ఇందులో ఒక ముక్క రాయొద్దని కూడా రూలుందా?"

"లేదు."

"మరి ఇదేంటి? ఈ అడ్డగీత ఎవరిది?"

"నాదే."

"ఎందుకు గీశావు?"

ఎందుకంటే ఏం చెబుతుంది? సాయంత్రం ఆరయింది, చినుకులు మొదలయ్యాయి, అక్క షాపులోంచి రా రా అని కేకేస్తోంది. గడి ఖాళీగా వదిలితే ఫారం వెనక్కి పంపుతారని ఒక అడ్డగీత గీసి సంతకం పెట్టేసింది. ఆఫీసులో అందరూ చేసేదే. అంతకు ముందు నలభై ఫారాల్లో అలాగే గీసింది. ఆ గీతకు అర్థం ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

"ఆలోచించలేదు బావా," అంది.

నిదానం కాగితం మీంచి వేలు తీశాడు. కోపం ఉన్నంతసేపూ ఆయన గొంతు గట్టిగానే ఉంది. ఇప్పుడు జారిపోయింది.

"పోలీసు స్టేషన్లో ఏం రాశారో తెలుసుగా. 'మనుషులు దాటని చోట అజాగ్రత్తగా రోడ్డుకు అడ్డం వచ్చింది' అని రాశారు. ఎందుకయ్యా అలా రాశావంటే ఎస్సై మీ రోడ్ల ఆఫీసు లెక్కే, ఈ కాగితమే చూపించాడు. లారీవాడు దర్జాగా బయట తిరుగుతున్నాడు. నా పెళ్లాం బుద్ధి లేక చచ్చిందని కాగితం చెబుతోంది. దాని కింద సొంత చెల్లెలి సంతకం ఉంది."

అమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందో దగ్గుతోందో తెలియలేదు.

"ఇవాళ లైట్లు ఎక్కడ పెట్టాలో తేల్చే మీ మీటింగుంది. మధ్యాహ్నం మూడింటికి. ఈ లెక్క తప్పని లేచి చెబుతాను. నువ్వు అవునను. అంతే. తర్వాత నువ్వెవరో నేనెవరో."

"చెబుతాను బావా," అంది చిన్ని. ఆ క్షణంలో ఆమె నిజంగానే చెబుదామనుకుంది.

*

చిన్ని ఆఫీసులో పెద్దసారుకి ఇంకో ఏడు నెలల సర్వీసుంది. ప్రాంతంలో ఏ రోడ్డు ఎప్పుడు ఎంత వెడల్పయిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చిన్ని చెప్పిందంతా కళ్లజోడు తీసి వింటూ కూర్చున్నాడు.

"గీతల మీదే లెక్కపెట్టాలన్న నిబంధన రాసింది నేనేనమ్మా," అన్నాడు చివరికి. "ఒక్క మనిషి స్టూలు మీద కూర్చుని రోడ్డంతా చూడలేడు కదా అని రాశాను. అప్పుడు బాగానే ఉందనిపించింది."

"మీరేం చేస్తారు సార్. గడి ఖాళీగా ఉంటే అడ్డగీత గీసింది నేను."

"ఇవాళ లేచి చెబుతావా?"

"చెబుతాను."

"చెప్పు. నేను ఆపను. కానీ ఇది చూసి చెప్పు."

ఇవాళ్టి జాబితా ఆమె ముందుకు తోశాడు. నలభై చోట్ల నుంచి దరఖాస్తులు, పదకొండింటికి సరిపోయే నిధి. మిల్లు రోడ్డుకి ఎదురుగా పదమూడు అని ఉంది.

పోయిన నెల వరకు ఆ రోడ్డు ముప్పై ఒకటో స్థానంలో ఉండేది. ఒక మరణం జరిగితే ఇరవై మార్కులు. అక్క పోయింది, రోడ్డు పద్దెనిమిది మెట్లు ఎక్కింది. ఆ మార్కులు వేయడానికి చిన్నికి చేతులాడకపోతే పక్క సీటు మనిషి వేసిపెట్టాడు.

"పైన రెండు చోట్ల స్థలాల మీద కోర్టు కేసులున్నాయి. పొద్దునే తెలిసింది," అన్నాడు పెద్దసారు. "ఆ రెండూ ఇవాళ తీసేస్తారు. అప్పుడు మిల్లు రోడ్డు పదకొండు. లైటు వచ్చినట్టే."

చిన్నికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పెద్దసారు ముఖం చూసి అది అంతలోనే దిగిపోయింది.

"లెక్క మీద అభ్యంతరం వస్తే?" అని అడిగింది.

"నీకు తెలియదా? అభ్యంతరం ఉన్న లెక్కకి స్థానం ఇవ్వరు. పక్కన పెట్టి మళ్లీ లెక్కపెట్టమంటారు. ఇవాళ పన్నెండోది పైకొస్తుంది. మిల్లు రోడ్డు వచ్చే ఏడాదికి పోతుంది. వచ్చే ఏడాది ఈ నిధి ఉంటుందో ఉండదో దేవుడికే తెలియాలి. పైవాళ్ల మాట చూస్తే ఉండేలా లేదు."

"నిజం చెబితే లైటు రాదంటారు."

"ఈ ఏడాది రాదు."

"చెప్పకపోతే లెక్క సరైనదేనని రాసుకుంటారు. ఇక దాన్ని ఎవరూ మార్చలేరు."

పెద్దసారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని చిన్ని చూసింది. రాలేదు. వచ్చి ఉంటే ఎంతో హాయిగా ఉండేది.

బావకి ఏడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

*

మూడవడానికి పది నిమిషాల ముందు సమావేశం గది బయట వరండాలో దొరికాడు. చొక్కాకి గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాగితం చేతిలో నాలుగు మడతలుగా ఉంది. పక్కనే పాప.

"దీన్నెందుకు తీసుకొచ్చావు?"

"వస్తానంది. దాని తల్లి సంగతి, వినాలిగా."

చిన్ని చెప్పింది. వరండాలో జనం తోసుకుంటూ పోతున్నారు. ఎవరో ఫోన్లో గట్టిగా నవ్వుతున్నారు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి నిదానం ఆమె పెదవుల వంకే చూస్తూ విన్నాడు.

"నేను నోరు మూసుకుంటే లైటు వస్తుంది."

"వస్తుంది బావా."

"తెరిస్తే రాదు."

"ఈ ఏడాది రాదు."

"భలే ఆఫీసు మీది. చావుకి ఇరవై మార్కులు, నిజానికి సున్నా."

"బావా..."

"మరి నన్నెందుకు అడగడం? పొద్దున నువ్వే చెబుతానన్నావుగా. వెళ్లి చెప్పు. లేకపోతే మానెయ్. నా నెత్తిన ఎందుకు పెడతావు?"

నిజమే. దారంతా చిన్ని తనను తానే అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. చెబితే రేపు ఆ సందులో ఇంకెవరో పడతారు. చెప్పకపోతే అక్క ఎప్పటికీ బుద్ధి లేక పోయిన మనిషిగా మిగిలిపోతుంది. తేల్చుకోలేకపోయింది. తేల్చుకోలేక తెచ్చి బావ చేతిలో పెట్టింది. పెళ్లాన్ని పోగొట్టుకున్న మనిషి నెత్తిన అది కూడా పెట్టింది. ఆ సంగతి ఆమెకి ఆ నిమిషంలోనే తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది, అయినా వెనక్కి తీసుకోలేదు.

గంట కొట్టారు. అందరూ లోపలికి కదిలారు.

*

అధ్యక్షురాలు మంచి ఓపిక గల మనిషి. ఒక్కో రోడ్డు పేరు చదివి, మార్కులు చదివి, అభ్యంతరాలున్నాయా అని అడిగి, ఒక్క క్షణం ఆగి, తర్వాతదానికి వెళుతోంది. కోర్టు కేసులున్న రెండూ తీసేశారు. చిన్ని పక్క బల్ల దగ్గర కూర్చుని మిల్లు రోడ్డు ఫైలు ఒళ్లో పెట్టుకుంది. చివరి వరుసలో బావ, పాప కనిపిస్తున్నారు.

"పదకొండు. మిల్లు రోడ్డు, బస్టాపు దగ్గర. పాదచారులు పద్నాలుగు. ఇటీవల ఒక మరణం. అభ్యంతరాలున్నాయా?"

చిన్ని బల్ల అంచు పట్టుకుంది. లేవాలనుకుంది. లేచేలోగా వెనక కుర్చీ కిర్రుమంది.

నిదానం నిలబడ్డాడు.

"మీరు ఆ వీధివారా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"అక్కడ పోయింది మా ఆవిడండి."

అధ్యక్షురాలు చేతిలో పెన్ను కింద పెట్టింది.

"అయ్యో. కూర్చుని చెప్పండి బాబూ, పర్వాలేదు. ఈ లెక్క మీద మీకు అభ్యంతరం ఉందా?"

ఆయన కాగితం మడతలు విప్పాడు. అందులో ఇంకా చూడాల్సింది ఏదో ఉన్నట్టు చూశాడు. పక్కనున్న కూతురి వంక చూశాడు. చిన్ని వంక మాత్రం చూడలేదు.

"లేదండి."

"క్షమించాలి, ఇది రాసుకోవాలి కాబట్టి అడుగుతున్నాను. లెక్క సరిగ్గానే ఉందంటారా?"

"సరిగ్గానే ఉందండి," అన్నాడు నిదానం. "అక్కడెవరూ దాటరు. మా ఆవిడొక్కతే దాటింది."

అని మళ్లీ మడతలు పెట్టి, కాగితం జేబులో దోపుకుని, కుర్చీల మధ్య నుంచి ఎవరి కాళ్లూ తొక్కకుండా జాగ్రత్తగా బయటికి వెళ్లిపోయాడు. పాప ఆయన వెనకే లేచింది.

"మంజూరు," అంది అధ్యక్షురాలు, పెన్ను తీసుకుని. "రాసుకోండి."

ఫైలు చిన్నిది కాబట్టి రాయాల్సింది చిన్నే. 'అభ్యంతరాలు లేవు. పాదచారుల లెక్క సరైనదని మృతురాలి భర్త స్వయంగా ధ్రువీకరించారు' అని రాసింది. కింద సంతకం పెట్టింది. అప్పటికే వేదిక మీద ఎవరో పాత వంతెన మరమ్మతు గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. పెద్దసారు తన కుర్చీలోంచి ఆమె వంక చూసి తల దించుకున్నాడు.

బయటికి వచ్చేసరికి మెట్ల మీద పాప ఒక్కతే కూర్చుని ఉంది. చిన్నిని చూసి లేచి నిలబడింది.

"మీ నాన్నేడమ్మా?"

"బస్సెక్కి వెళ్లిపోయాడు. నిన్ను ఇంటికి రావద్దన్నాడు పిన్నీ."

"నిన్ను చెప్పమన్నాడా?"

"ఊఁ. అమ్మమ్మకి కూడా ఫోన్ చేసి చెప్పాడు."

"అమ్మమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. పెట్టేసింది."

చిన్ని మెట్టు మీద కూలబడింది. రావద్దంటాడని ఆమెకు తెలియంది కాదు. ఇరవై రెండు రోజులుగా ఆమె ఏడుపంతా అక్క కోసమే. ఇప్పుడు వచ్చింది తన కోసం. ఏడవడానికి కూడా తనకి హక్కు లేదనిపించి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

పాప పక్కన కూర్చోలేదు. చేయి కూడా వేయలేదు.

"లైటు వస్తుందమ్మా," అంది చిన్ని. "ఆరు నెలల్లో పెట్టేస్తారు. నువ్వింక భయం లేకుండా దాటొచ్చు. మీ నాన్న నీ కోసమే అలా చెప్పాడు."

"తెలుసు."

"నా మీద నీకూ కోపమేనా?"

పాప పుస్తకాల సంచీ భుజం మీద సర్దుకుంది. గొంతు తల్లిదే, అంత మెత్తగానూ ఉంది.

"నాన్న అలా చెప్పినప్పుడు, నువ్వు లేచి కాదంటావేమోనని నీ వంకే చూశాను పిన్నీ."

"అంటే లైటు రాదు కదమ్మా. వరండాలో విన్నావుగా."

"విన్నాను," అంది పాప. "అయినా చూశాను."

మెట్లు దిగి బస్టాపు వైపు నడిచింది. వెనక వెళ్లాలో, అక్కడే ఉండిపోవాలో చిన్నికి తెలియలేదు.